రెండో కొస

తెలుగువాళ్ళు ఒక్క మాటతో ఎన్ని పనులు చేయించుకుంటారో చూడాలంటే 'కట్టెయ్యడం' ఒక్కటి చాలు. ఆవును కట్టేస్తాం. ఫ్యానూ కట్టేస్తాం. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొస్తాం. ఇన్నింటికీ ఒకే మాట చాలని మన పెద్దలు ఎందుకనుకున్నారో గాని, దాని మూలంగా పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బోర్డు బోర్డంతా రెండు వారాలపాటు తల పట్టుకు కూర్చుంది.

బోర్డంటే మరీ పెద్దదేం కాదు. దీవుల్లో వృద్ధాశ్రమాలూ, దిక్కులేనివాళ్ళ ఇళ్ళూ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసి, వాటికి అనుమతి ఇవ్వడమో తీసెయ్యడమో చేసే మండలి. ఐదుగురు సభ్యులు, ఒక పొడవాటి బల్ల, రెండు ఏసీలు. ఏసీల్లో ఒకటి పనిచేస్తుంది. అధ్యక్షుడు గోపినాథ్ గారు రిటైరైన పెద్ద ఆఫీసరు, పుట్టుకకి మలయాళీ, మాటకి హిందీ. మిగతావాళ్ళలో ఒక బెంగాలీ డాక్టరమ్మ, ఒక వకీలు, ఒక చర్చి పెద్దాయన. ఐదో మనిషి కనకలక్ష్మి. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి దిగిపోయింది, మిన్నీ బేలో సొంతిల్లు, తాతల నాడు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం. బోర్డులో తెలుగు వచ్చిన సభ్యురాలు ఆమె ఒక్కతే. అందుకే ఆ మాట వచ్చి ఆమె ఒళ్ళో పడింది.

సంగతి ఇదీ. హోప్ టౌన్‌లో 'కినారా' అని ఒక చిన్న వృద్ధాశ్రమం ఉంది. తొమ్మిదిమంది ముసలివాళ్ళు ఉంటారు, పద్మిని అనే ఆవిడ నడుపుతుంది. అక్కడికి తనిఖీకి వెళ్ళిన కొత్త ఇన్‌స్పెక్టరు సింధూరి, అసిరమ్మ అనే ముసలావిడ దగ్గర కూర్చుని, సాయంత్రాలు ఎలా గడుస్తాయని అడిగింది. "ఐదున్నరకి కట్టీత్తారు" అంది అసిరమ్మ. ఎవరిని, దేన్ని, ఎందుకు, ఏమీ లేదు. మన భాషలో అవన్నీ లేకపోయినా వాక్యం నిలబడుతుంది మరి.

ముసలివాళ్ళు చెప్పింది వాళ్ళ భాషలోనే రాయాలని బోర్డు నిబంధన. సింధూరి ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గాని రాయడం రాదు, హిందీ బడిలో చదివిన పిల్ల. అందుకని ఆ మాటని హిందీ అక్షరాల్లో రాసి, పక్కన 'బాంధ్ దేతే హైఁ' అని అర్థం రాసింది. కట్టేస్తారు అంటే తాళ్ళతో కట్టేస్తారని. కింద ఇంకో వాక్యం చేర్చింది: మంచం మీద గుడ్డతాడు ఉంది, చూశాను.

నిబంధనల్లో పద్నాలుగోది ఇలా ఉంటుంది. సంరక్షణలో ఉన్న ఏ మనిషినీ ఏ కారణం చేతనూ కట్టరాదు. కట్టినట్టు రుజువైతే ఆ గృహం అనుమతిని తప్పనిసరిగా రద్దు చెయ్యాలి. ఆ 'తప్పనిసరిగా' ఉండి తీరాలని నాలుగేళ్ళ కిందట పట్టుబట్టి రాయించింది కనకలక్ష్మే.

ఎందుకంత పట్టో ఆమె ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మ శేషమ్మ ఆఖరి రోజుల్లో, జ్వరం తలకెక్కి, ముక్కులో గొట్టాలు పీకేసుకుంటుంటే, చేతులు రెండూ మంచం కమ్మీలకి, పుండ్లకి కట్టే గాజుగుడ్డతో కట్టవలసి వచ్చింది. కట్టింది ఇంకెవరో కాదు, కనకలక్ష్మి. నర్సు కదా, ఊడని ముడి వెయ్యడం ఆమెకే బాగా వచ్చు. "అమ్మీ, ఇప్పీయే" అని రెండు రోజులు బతిమాలింది శేషమ్మ. మూడో రోజు అడగడం మానేసింది. నాలుగో రోజు పోయింది. ఇది జరిగి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో కనకలక్ష్మి కంటినిండా నిద్రపోయిన రోజు లేదు. పగలు కూర్చుని కునుకుతుంది, పడుకుంటే మెలకువ వచ్చేస్తుంది.

గోపినాథ్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, మా డ్రైవర్ రాముడు మీ తెలుగువాడే. వాణ్ణి అడిగాను. కట్టెయ్యడం అంటే బంద్ కర్నా అని కూడా అర్థమట కదా? పంఖా, టీవీ, బత్తీ?"

"అవును సార్, అలా కూడా అంటాం."

"తో బస్! ఐదున్నరకి ఫ్యాన్ బంద్ చేస్తారు. లడ్కీ గలత్ సమ్‌ఝీ, తప్పుగా అర్థం చేసుకుంది. మీరోసారి వెళ్ళి చూసి, మీటింగులో ఆ ఒక్క ముక్క చెప్పండి. లేకపోతే ఆ తొమ్మిదిమందిని ఎక్కడ పెట్టమంటారు? డిగ్లీపూర్‌లో రెండు మంచాలు ఖాళీ, మాయాబందర్‌లో ఒకటి. మిగతావాళ్ళు?"

"మరి తాడు సార్?"

"బట్టలు ఆరేసుకునేది."

గోపినాథ్ గారు చెడ్డమనిషి కాదు. ఒక ఇల్లు మూతపడకుండా ఉండడానికి ఎన్ని సమాధానాలు కావాలో అన్నీ ముందే వెతికి పెట్టుకున్నారు, అంతే. కనకలక్ష్మికి ఫ్యాను అన్న మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. లేచి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

గురువారం మధ్యాహ్నం చాతం జెట్టీలో సింధూరిని వెంటబెట్టుకుని ఫెర్రీ ఎక్కింది. సన్నగా వాన జల్లు పడి వెలిసింది. ఎదుటి కొండ సగం పైన లేదు, మబ్బు మింగేసింది. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. ఇంజను మోత వింటూ కనకలక్ష్మి అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే వెళ్తున్నది ఫెర్రీయో, జెట్టీయే వెనక్కి జరిగిపోతోందో తెలియలేదు. ఆ తెలియకపోవడం ఆమెకి హాయిగా ఉంది.

పక్కన సింధూరికి మాత్రం ముఖంలో నెత్తురు లేదు. "మేడమ్, నేను గలత్ రాసేసినానా?"

"చూద్దాం అమ్మా."

"ఆఫీసులో అందరూ అంటన్నారు, నాకు తెలుగు రాదని. ప్రొబేషన్ పోతాదని. నాకు తెలుగొచ్చు మేడమ్. మా నానమ్మ ఫ్యాన్‌కి కూడా కట్టీయమనే అంటాది, ముఝే మాలూం హై. లేకిన్ ఆ మామ్మ ఇలా పట్టుకుని చెప్పింది." సింధూరి తన ఎడమచేతి మణికట్టుని కుడిచేత్తో చుట్టి పట్టుకుంది. "ఇలా పట్టుకుని కట్టీత్తారు అంది. ఫారంలో అది రాయడానికి కాలమ్ లేదు మేడమ్."

కనకలక్ష్మి ఆ చేతికేసి చూసింది. అంతవరకూ ఉన్న హాయి పోయింది. ఫ్యాను గురించి చెప్పేవాళ్ళు ఎవరూ మణికట్టు పట్టుకోరు.

బాంబూఫ్లాట్‌లో దిగి బస్సు పట్టుకుని హోప్ టౌన్ చేరేసరికి నాలుగు దాటింది. కినారా రేకుల ఇల్లు, ముందు వరండా, వరండా ముందు నాలుగు కొబ్బరిచెట్లు, ఆ వెనక సముద్రం. చెట్లకీ సముద్రానికీ మధ్య ఏమీ లేదు. పద్మిని పరుగున ఎదురొచ్చింది. నలభై దాటిన బక్క మనిషి, చేతిలో టీ కప్పులు. ఇద్దరూ చెప్పులు విడవక ముందే అందుకుంది.

"ఫ్యాను మేడమ్. ఐదున్నరకి ఫ్యాను కట్టేస్తాం."

అడగని ప్రశ్నకి జవాబు అది. రాముడి అర్థం ఫెర్రీ కంటే ముందే నీళ్ళు దాటి వచ్చేసిందన్నమాట.

"ఈ ఉక్కలో ఐదున్నరకి ఫ్యాను ఎందుకు కట్టేస్తారు పద్మినీ?" అంది కనకలక్ష్మి.

పద్మిని కప్పులు వరండా గట్టు మీద పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇల్లు తీసెయ్యకండి దీదీ" అంది, మేడమ్ అనడం మర్చిపోయి.

అసిరమ్మకి ఇవేవీ పట్టలేదు. తాడెక్కడని అడిగీ అడగ్గానే దిండు కింద నుంచి తీసి చూపించింది, మనవరాలి పెళ్ళి చీర చూపించినంత సంబరంగా. పాత చీరల్ని పేనిన తాడు, రెండు బారల పొడవు. ఉతికి ఉతికి మెత్తబడి నీలమూ ఎరుపూ కలిసిపోయి ఉన్నాయి. అసిరమ్మకి ఎనభైకి అటో ఇటో ఉంటాయి. ముఖం నిండా ముడతలు, మాటలో ఒక్క ముడతా లేదు.

"నానే పేనుకున్నాను, సూడు. నున్నగా నేదూ?"

"ఎందుకు పెద్దమ్మా ఇది?"

"ఎందుకేటి, జారిపోకుండా. పొద్దుగూకితే దీవి లంగరెత్తేత్తాది కదా."

"దీవా?"

"పగలు నిలబడతాదమ్మా, జనం సూత్తారని. సందేళ నుంచి ఎల్తాది. ఎక్కడికో ఎల్లి తెల్లారేసరికి మళ్ళీ ఇక్కడికే వొచ్చీత్తాది. మీరందరూ నిద్దరపోతారు, మీకు తెల్దు. నాకు తెలుత్తాది. నాను ఓడ మీద వొచ్చిన దాన్ని."

ఓడ మీద వచ్చేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. విశాఖపట్నంలో ఎక్కారు. డెక్కు మీద నాలుగు రోజులు, పైన ఆకాశం, చుట్టూ వాంతులు. పిల్ల నిద్రలో దొర్లి నీళ్ళలో పడిపోతుందని తల్లి చీరకొంగు చింపి, ఒక కొస పిల్ల చేతికీ ఒక కొస తన చేతికీ కట్టుకుంది.

"నాను కదిల్తే దానికి తెలుత్తాది. అది కదిల్తే నాకు తెలుత్తాది. ఆ నాల్రోజులు పడుకున్నట్టు మళ్ళీ పడుకోనేదమ్మా" అంది అసిరమ్మ.

తరవాతి సంగతి పద్మిని చెప్పింది, దాచడం ఎలాగూ అయిపోయింది కనుక. రెండేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, పొద్దు గూకితే చాలు అసిరమ్మ లేచి నీళ్ళకేసి నడిచేసేది. మూడుసార్లు మోకాలి లోతులో నిలబడి "అమ్మా" అని పిలుస్తుంటే పట్టి తెచ్చారు. తలుపు గడియ పెడితే తల బాదుకుంది. నిద్రమాత్ర వేస్తే రెండు రోజులు కూడు మాని పడుకుంది. చివరికి తానే తాడు పేనుకుని తెచ్చి కట్టమంది. పద్మిని మంచం కోడుకి కట్టింది. అసిరమ్మ అది ఊడదీసి వాకిట్లోకి విసిరేసి, "గుంజకి కట్టీడానికి నాను గొడ్డునేటే?" అని కేకలేసింది. అప్పటి నుంచి రెండో కొస పద్మిని తన చేతికే కట్టుకుంటోంది. పద్నాలుగు నెలలైంది. ముసలామె ఒక్కసారి కూడా నీళ్ళ దగ్గరికి పోలేదు.

"రాత్రంతానా?"

"నిద్దర పట్టేదాకా దీదీ. గంట, గంటన్నర. పట్టేక ఇప్పేస్తాను. ముడి కూడా ఆమే వేస్తాది, లాగితే ఊడిపోద్ది. ఆ గంటన్నరా నేను వంట దగ్గర ఉండలేను కదా, ఇక్కడ పనిచేసే నాగబాబు భయ్యా చూస్తాడు కూర. ఇందులో నా తప్పేటో నాకు తెలీదు దీదీ. తప్పని మాత్రం తెలుసు."

కనకలక్ష్మికి కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేదు గాని, ఎక్కువ భాగం తన మీదే. కొబ్బరిచెట్ల కింద చీకటి మొదలైంది. దీవుల్లో పొద్దు తొందరగా గూకుతుంది, ఐదున్నరకల్లా దీపాలు పెట్టేస్తారు. అసిరమ్మ మంచం మీద కూర్చుని తాడు విప్పుకుంటూ పద్మిని కోసం చూస్తోంది.

"ఇవాళ నా చేతికి కట్టు పెద్దమ్మా" అంది కనకలక్ష్మి.

సింధూరి నోరు తెరిచింది. బోర్డు మెంబరు చాప పరుచుకుని నేల మీద వెల్లకిలా పడుకోవడం ఏ తనిఖీ పుస్తకంలోనూ లేదు. అసిరమ్మ మాత్రం వింత పడలేదు. మంచం మీంచి వంగి, ఆమె మణికట్టుకి గుడ్డ రెండు చుట్లు చుట్టింది. మెత్తటి గుడ్డ చర్మానికి తగలగానే కనకలక్ష్మికి గాజుగుడ్డ గుర్తొచ్చింది, కమ్మీ గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఏటే, సెయ్యి తీసేత్తన్నావు?"

"ఏం లేదు."

"మొదట్లో అలాగే ఉంటాది. కదిల్తాది, కంగారు పడకు" అంది అసిరమ్మ, దీవి గురించి.

ఎవరో లైటు కట్టేశారు. కిటికీలో ఆకాశం మిగిలింది, అందులో కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి. కాసేపటికి ఊగుతున్నవి మట్టలు కావనిపించింది. ఇల్లే మెల్లగా ఊగుతోంది. నేల కింద ఎక్కడో గొలుసు పైకి లాగిన చప్పుడైంది, ఫెర్రీదే అయుండొచ్చు. తరవాత ఏ తొందరా లేకుండా హోప్ టౌన్ బయల్దేరింది. బాంబూఫ్లాట్ దీపాలు పక్కనే కొంతదూరం వచ్చి వెనకబడ్డాయి. మిన్నీ బే ఎదురొచ్చింది, దాని మీద తన ఇల్లు, వరండాలో ఆరేసిన తువ్వాలు. తలుపు తాళం వేశానో లేదో అనుకుంది, వేసినా వెయ్యకపోయినా ఒకటే అనుకుంది. మిన్నీ బే నవ్వుకుంటూ దాటిపోయింది. నీళ్ళు చాలా వెడల్పుగా ఉన్నాయి. ఆ నీళ్ళలో ఇంకా చాలా దీవులు తిరుగుతున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో మంచం. ఒక మంచం మీద వాళ్ళమ్మ కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది, రెండు చేతులూ పైకెత్తి. చేతులకి ఏమీ లేవు. కనకలక్ష్మి పిలవబోయింది. అప్పుడు మణికట్టు దగ్గర తాడు సన్నగా లాగింది. ఉన్నావా, అన్నట్టు. ఆమె కూడా సన్నగా లాగింది. ఉన్నాను.

"మేడమ్, ఏడు కావొస్తాంది. ఫెర్రీ మిస్ అయిపోద్ది." సింధూరి భుజం తడుతోంది.

గంటకి పైగా పడుకుంది. ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. పైన అసిరమ్మ నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. కనకలక్ష్మి తన చేతి ముడి కొసని పట్టి లాగింది. ఒక్క లాగుకి ఊడిపోయింది. ఎనభయ్యేళ్ళ చేతులు వేసిన ముడి అలా ఊడిపోతే, చదువుకున్న చేతులు వేసిన ముడి అలా ఎందుకు ఊడలేదో ఆమె తిరుగు ప్రయాణమంతా ఆలోచించింది.

సోమవారం మధ్యాహ్నం మీటింగు. పొద్దుటి ఫెర్రీలో సింధూరి వెళ్ళి ఆ తాడు అడిగి తెచ్చింది. ఐదున్నరలోగా తిరిగి రావాలని అసిరమ్మ షరతు.

మూడు రోజులుగా కనకలక్ష్మి బుర్రలో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఫ్యాను అని చెప్తే ఇల్లు నిలుస్తుంది. కాని తాడు పోతుంది, ఎందుకంటే మళ్ళీ తనిఖీకి వస్తారన్న భయంతో పద్మిని ఆ రోజే దాన్ని పారేస్తుంది. తాడు పోతే అసిరమ్మ మళ్ళీ నీళ్ళలోకే. సరిగ్గా రాసిన పిల్ల భాష రానిదై పోతుంది. తాడు అని చెప్తే, తను రాయించిన మాటే తొమ్మిదిమందినీ తలో దీవికీ విసిరేస్తుంది. ఇంత చిక్కు తెచ్చిపెట్టిన మాటని ఆమె మనసులో తిట్టుకోని క్షణం లేదు.

"హాఁ, కనకలక్ష్మీజీ," అన్నారు గోపినాథ్ గారు నవ్వుతూ, "ఆ శబ్దానికి అర్థం ఏమిటో బోర్డుకి చెప్పండి." పెన్ను మూత కూడా తీసి ఉంచుకున్నారు.

"బాంధ్ దేతే హైఁ సార్. లడ్కీ సరిగ్గానే రాసింది."

పనిచేసే ఏసీ మోత వినిపించింది. గోపినాథ్ గారి నవ్వు కాసేపు అలాగే ఉండి, ఎక్కడికి పోవాలో తెలియక మెల్లగా పోయింది. మూల బల్ల దగ్గర మినిట్స్ రాస్తున్న సింధూరి తల ఎత్తలేదు గాని, పెన్ను ఆగింది. వకీలు పుస్తకం తిప్పి పద్నాలుగో నిబంధన మీద వేలు పెట్టాడు. "తప్పనిసరిగా అని ఉంది. మీరే రాయించారు."

"నేనే రాయించాను. ఎందుకు రాయించానో ఇవాళ చెప్తాను."

చెప్పింది. గొట్టాలు, గాజుగుడ్డ, కమ్మీలు, "అమ్మీ, ఇప్పీయే". ఆ రెండు మాటలు మాత్రం తెలుగులోనే చెప్పింది, హిందీలోకి రాలేదు. ఎవరూ అర్థం అడగలేదు. ఆ తరవాత హ్యాండ్‌బ్యాగు లోంచి తాడు తీసింది.

"సార్, చెయ్యి ఇవ్వండి."

గోపినాథ్ గారు ఉద్యోగ జీవితంలో ఎన్నో అర్జీలు అందుకున్నారు గాని ఇలాంటిది అందుకోలేదు. అయినా చెయ్యి చాపారు. కనకలక్ష్మి ఒక కొస ఆయన మణికట్టుకి చుట్టి ముడేసింది. రెండో కొస తన చేతికి చుట్టుకుని, పళ్ళతో పట్టి లాగి ముడేసుకుంది.

"ఇప్పుడు కాలమ్‌లో ఏం రాస్తారు సార్? ఎవరు ఎవర్ని కట్టారని?"

డాక్టరమ్మ లేచి వచ్చి ముడి చూసింది, వేలు దూర్చి చూసింది, లాగి చూసింది. ఊడింది. తిరిగి కట్టి వెళ్ళి కూర్చుంది. వకీలు మాత్రం ఊరుకోలేదు, ఊరుకోవలసిన పని కూడా లేదు, అతనన్నదీ సబబే. "రేపు ప్రతి ఆశ్రమంలోనూ ఇదే అంటారు మేడమ్. ముసలివాళ్ళే అడిగారు, మేం కట్టాం అంటారు. అప్పుడు?"

"అంటారు. అందుకే ఆ నిబంధన తీసెయ్యమనడం లేదు. ఒక్క వాక్యం చేర్చమంటున్నాను. మనిషే తన భాషలో అడిగితే తప్ప కట్టరాదు. ముడి ఆ మనిషి ఒక్క లాగుతో విప్పుకోగలగాలి. రెండో కొస గుంజకీ మంచానికీ కాదు, ఇంకో మనిషి చేతికే ఉండాలి." తన చేతి ముడికేసి చూసుకుంది. "చెడ్డ బుద్ధితో కట్టేవాడు తన చెయ్యి కూడా కట్టుకుని గంటన్నర కూర్చోడు సార్. నేను కూర్చోలేదు. కమ్మీకి కట్టేసి ఇంకో వార్డుకి డ్యూటీకి పోయాను."

ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు తేలికైంది, అంతే.

చర్చి పెద్దాయన సున్నితంగా వద్దన్నాడు, కొత్త వాక్యాలు కొత్త సందులు తెస్తాయన్నాడు. వకీలు వద్దన్నాడు. డాక్టరమ్మ సరేనంది, ప్రతి నెలా ఇన్‌స్పెక్టరు వెళ్ళి సాయంత్రం ఐదున్నరకి అక్కడే ఉండి చూడాలన్న షరతు మీద. రెండుకి రెండు. ఇక మిగిలింది గోపినాథ్ గారు. ఆయన చాలాసేపు తన మణికట్టుకేసి చూసుకున్నారు.  వాళ్ళింట్లో కూడా ఎవరో ముసలివాళ్ళు ఉండే ఉంటారు.

చివరికి చెయ్యెత్తారు. తాడు ఉంది కదా, కనకలక్ష్మి చెయ్యి కూడా దానితో పాటు లేచింది.

"సార్, ఇది ఏక్ ఓటా, దోనా?" అంది సింధూరి మూల నుంచి. బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. వకీలు కూడా నవ్వాడు, ఓటు మాత్రం మార్చుకోలేదు.

మీటింగు తెమిలేసరికి మూడున్నర. కనకలక్ష్మి టీ కూడా తాగకుండా చాతం జెట్టీకి పరిగెత్తింది. ఫెర్రీ కదులుతుంటే దూకినంత పని చేసి ఎక్కింది. బాంబూఫ్లాట్‌లో బస్సు లేదు, ఆటో దొరికింది. వాన మొదలైంది. తాడు తడవకుండా జాకెట్టులో దోపుకుని, అరవై మూడేళ్ళ మనిషి, ఆటోవాణ్ణి "జల్దీ భయ్యా, జల్దీ" అని సతాయిస్తూ హోప్ టౌన్ చేరేసరికి ఐదూ ఇరవై ఐదు.

అసిరమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టుని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. వెనక గుమ్మంలో పద్మిని, ఆ వెనక మిగతా ఎనిమిదిమందీ. 

"ఏటమ్మా, కట్టీసినారా?" అంది అసిరమ్మ. ఈసారి ఇంటి గురించి అడిగింది, కొట్టు కట్టేశారా అన్నట్టు.

"లేదు పెద్దమ్మా. ఇల్లు కట్టెయ్యలేదు. నన్నే కట్టాలి ఇంక" అని చెయ్యి చాపింది కనకలక్ష్మి.

పద్మిని గుమ్మంలోనే కూలబడి భోరుమంది. అసిరమ్మ ఆమెకేసి విసుగ్గా చూసింది. "దీనికేటొచ్చింది? పొద్దు గూకిపోతాంది. లేవండి, లేవండి."

చాప పరిచారు. వాన రేకుల మీద చప్పుడు చేస్తోంది. అసిరమ్మ మంచం మీంచి వంగి గుడ్డ రెండు చుట్లు చుట్టింది, ముడేసింది. ఆ ముడి మీద వేలు ఆనించి ఉంచి, ముఖం దగ్గరగా తెచ్చి చెప్పింది.

"ఇప్పీమన్నప్పుడు సెప్పు. ఇప్పీత్తాను."

కనకలక్ష్మికి అప్పుడు ఏడుపు వచ్చింది. పదకొండేళ్ళది, ఆగకుండా.  పైన మంచం మీంచి తాడు సన్నగా ఒకసారి లాగింది. కనకలక్ష్మి కూడా లాగింది. ఎవరో లైటు కట్టేశారు, దీవి కదిలింది.